కొవ్వు పేరుకోకుండా కండ పెంచడం ఎలా? సహజ పద్ధతికి సమగ్ర మార్గదర్శి

కండ పెంచాలని జిమ్‌లో అడుగుపెట్టిన వారికి మొదటి వారంలోనే ఒక సలహా అందుతుంది. "ముందు బాగా తిని ఒళ్లు చేయండి, కొవ్వు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంటారు. ఆ మాట నమ్మి ఆరు నెలలు దండిగా తిన్నవారి చేతులు కాస్త లావెక్కుతాయి, పొట్ట అంతకంటే ఎక్కువ ముందుకు వస్తుంది. తర్వాత ఆ కొవ్వు దించడానికి నాలుగైదు నెలలు కడుపు మాడ్చుకోవాలి. ఆ రోజుల్లో శిక్షణ మందగిస్తుంది, సంపాదించిన కండలోనూ కొంత పోతుంది. ఏడాది కష్టానికి చివరకు మిగిలేది చాలా తక్కువ.

ఇంత చుట్టుతిరుగుడు అవసరం లేదు. కండ ఎంత వేగంగా పెరగాలో శరీరం ఒక హద్దు పెట్టుకుంది. ఆ హద్దులోపల కండను పెంచేది బరువులతో చేసే కష్టం. ఆ పెరుగుదలకు కావలసిన సరుకును తిండి అందిస్తుంది. అవసరానికి మించి ఎంత తిన్నా ఆ హద్దు జరగదు, మిగిలిన శక్తి కొవ్వుగా నిలవ ఉంటుంది. నార్వేలో ఉన్నత స్థాయి క్రీడాకారులపై జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. బరువుల శిక్షణ అందరికీ ఉంది. ఒక బృందం రోజుకు సుమారు 500 కేలరీల మిగులు (అవసరానికి మించి తినే భాగం) లక్ష్యంగా, ఆహార నిపుణుల సలహా ప్రకారం తిన్నది. మరో బృందం తనకు తోచినట్టు తిన్నది. ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత చూస్తే, కండ విషయంలో రెండు బృందాల మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. కొవ్వు మాత్రం ఎక్కువ తిన్నవారిలో సగటున 15 శాతం, రెండో బృందంలో 3 శాతం పెరిగింది.

కాబట్టి చేయవలసిన పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. శిక్షణను నెలనెలా కొంచెం కొంచెంగా కఠినం చేయాలి, తిండిలో మిగులును చాలా చిన్నదిగా ఉంచి కొలుస్తూ ఉండాలి. అడుగడుగునా ఎలా చేయాలో చూద్దాం.

మొదటి అడుగు: పెంచాలా, ముందు తగ్గించాలా?

అద్దం ముందు నిలబడి తీర్పు చెప్పుకోవద్దు. అద్దం వెలుతురును బట్టి, మన మనసును బట్టి మాట మారుస్తుంది. టేపు తీసుకోండి. బొడ్డు దగ్గర చుట్టుకొలత మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉందా? 170 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి ఆ గీత 85 సెంటీమీటర్లు.

కొలత ఆ గీతకు బాగా కింద ఉంటే, అంటే మీరు సన్నగానే ఉంటే, చిన్న మిగులుతో మొదలుపెట్టండి. గీతకు అటూ ఇటూగా ఉండి, బరువుల శిక్షణ మీకు కొత్త అయితే, మిగులు అసలు వద్దు. ప్రస్తుత బరువు నిలబడేంత తిండితోనే శిక్షణ ప్రారంభించండి. కొత్తవారిలో ఒకవైపు కండ పెరుగుతూ మరోవైపు కొవ్వు తగ్గడం మామూలే. తూకంలో అంకె మారకపోయినా ఒళ్లు మారుతుంది.

కొలత గీత దాటితే ముందు కొవ్వు తగ్గించుకోండి. "తక్కువ తింటే కండ ఎలా వస్తుంది?" అన్న సందేహం సహజం. కెనడాలో అధిక బరువున్న యువకులపై జరిపిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. నాలుగు వారాల పాటు వారు అవసరానికి 40 శాతం తక్కువ కేలరీలు తింటూ, వారానికి ఆరు రోజులు కఠినంగా వ్యాయామం చేశారు. శరీర బరువులో కిలోకు 2.4 గ్రాముల చొప్పున ప్రోటీన్ తీసుకున్నవారు సగటున 4.8 కిలోల కొవ్వు కోల్పోయారు. కొవ్వు కాని దేహభారం (కండ, నీరు వంటివన్నీ కలిపి) మాత్రం 1.2 కిలోలు పెరిగింది. అంత తీవ్రమైన కోతను ఇంట్లో ఎవరికివారు అనుకరించవద్దు. రోజుకు 300 నుంచి 500 కేలరీల లోటు చాలు. శిక్షణ, ప్రోటీన్ సరిగా ఉంటే లోటులో కూడా కొత్తవారికి కండ వస్తుందన్న ధైర్యం కోసమే ఆ ఫలితం చెప్పాను.

రెండో అడుగు: రెండు వారాలు ఏమీ మార్చకుండా కొలవండి

చాలామంది దాటవేసే అడుగు ఇది. దాటవేస్తే ఆ తర్వాతి లెక్కలన్నీ గాలిలో మేడలే.

రోజూ ఉదయం లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందే బరువు చూసుకుని రాసుకోండి. ఒక్కరోజు అంకెను పట్టించుకోవద్దు. ముందు రోజు ఉప్పు ఎక్కువైనా, రాత్రి భోజనం ఆలస్యమైనా కిలో దాకా తేడా వస్తుంది. ఏడు రోజుల అంకెలను కలిపి ఏడుతో భాగించండి. ఆ సగటే మీ అసలు బరువు.

నడుము కొలత వారానికి ఒకసారి చాలు, కానీ ప్రతిసారీ ఒకే తీరుగా తీయాలి. చొక్కా తీసి నిలబడండి, పాదాలు కొంచెం ఎడంగా ఉంచండి. టేపును బొడ్డు మీదుగా వెనక్కి తిప్పి, అది నడుము వెనుక కిందికి జారకుండా నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. మామూలుగా ఊపిరి తీసుకుని, నిదానంగా వదిలి, వదిలిన చివర్లో అంకె చూడండి. పొట్ట లోపలికి లాగవద్దు. టేపు చర్మాన్ని తాకాలి, చర్మంలోకి దిగకూడదు. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. దీనితోపాటు చేతి కండ, తొడ, ఛాతీ కొలతలను నెలకొకసారి తీస్తే సరిపోతుంది. కొవ్వు శాతం చూపించే ఇంటి తూకం యంత్రాలు ఒంట్లో నీటి స్థాయిని బట్టి అంకె మారుస్తుంటాయి కాబట్టి వాటిమీద నిర్ణయాలు తీసుకోవద్దు.

ఈ రెండు వారాలు మీరు మామూలుగా తినేదంతా రాయండి. వంటనూనె, పాలు, చక్కెర, మధ్యలో నోట్లో వేసుకున్న గుప్పెడు గింజలు కూడా లెక్కలోకి రావాలి. సగటు బరువు మారకపోతే, ఆ తిండిలోని కేలరీలే మీ నిలకడ స్థాయి. రాసే ఓపిక లేకపోతే బరువును 33తో హెచ్చవేసి ఒక అంచనాతో మొదలుపెట్టవచ్చు. 70 కిలోల మనిషికి అది 2,300 దగ్గర తేలుతుంది. కూర్చుని పనిచేసేవారికి ఇంతకన్నా తక్కువ, రోజంతా నిలబడి తిరిగేవారికి ఎక్కువ కావచ్చు. అది అంచనా మాత్రమేనని మరవకండి.

మూడో అడుగు: శిక్షణ

మొత్తం వ్యవహారంలో అసలు బరువు ఈ అడుగుదే. శిక్షణ సరిగా లేకుండా తినే మిగులు కొవ్వుగానే మారుతుంది.

కండరం పెరగడానికి ప్రధాన కారణం దానిమీద పడే బిగువు. భారాన్ని ఎత్తేటప్పుడు కండరపు పోగులు గట్టిగా లాగబడతాయి. ఆ సంకేతానికి స్పందించి శరీరం అక్కడ కొత్త ప్రోటీన్‌ను చేర్చుకుంటుంది. ఒకే బరువును ఒకే లెక్కన నెలల తరబడి ఎత్తితే ఆ సంకేతం బలహీనపడుతుంది. భారాన్ని క్రమంగా పెంచుకుంటూ పోవాలన్న పద్ధతికి వైద్యరంగంలో స్థానం కల్పించినవాడు అమెరికా సైన్యంలో పనిచేసిన వైద్యుడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లలో బలం తిరిగి తేవడానికి ఆయన ఈ దారి పట్టాడు. ఆయన వ్యాసం 1945లో వచ్చింది. ఆ తర్వాత యంత్రాలు, పేర్లు ఎన్ని మారినా మూలసూత్రం మారలేదు.

కొత్తవారికి వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా కదిలే శిక్షణ చాలు. మధ్యలో ఒక్కో రోజు విరామం ఇవ్వండి. రెండు రకాల దినచర్యలు పెట్టుకుని మార్చి మార్చి చేయండి. మొదటి రోజుకు స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్లమీద పడుకుని బరువును పైకి నెట్టడం), కేబుల్ రో (కూర్చుని యంత్రపు తీగను పొట్టవైపు లాగడం), భుజాల పక్కలకు డంబెల్ ఎత్తడం, పొట్టకు ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం). రెండో రోజుకు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని నడుము దగ్గర వంగి లేవడం), తలపైకి ఎత్తే ఓవర్‌హెడ్ ప్రెస్, పుల్-అప్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగడం) లేదా లాట్ పుల్‌డౌన్ (యంత్రపు కడ్డీని పైనుంచి ఛాతీవైపు లాగడం), లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి కిందికి దిగి లేవడం), చేతులకు కర్ల్ (మోచేయి మడిచి బరువు ఎత్తడం). ఒక్కోటి మూడు సెట్లు; ఆపకుండా వరుసగా ఎత్తే ఒక విడతను సెట్ అంటారు. ఇంట్లో డంబెల్స్ మాత్రమే ఉన్నవారు, అవి కూడా లేక పుషప్స్‌తో సరిపెట్టుకునేవారు కూడా ఇవే కదలికల తేలిక రూపాలతో మొదలుపెట్టవచ్చు. నెట్టడం, లాగడం, కూర్చుని లేవడం, నడుము వంచి లేవడం అనే నాలుగు రకాల కదలికలూ ప్రతి వారం రావడం ముఖ్యం. ఒక్కో కండర సముదాయానికి వారానికి ఆరు నుంచి పది సెట్లతో మొదలుపెట్టి, ఏడాది గడిచాక పది నుంచి పదిహేను దాకా పెంచుకోవచ్చు. మొదటి నెలలోనే ఇరవై సెట్లు చేస్తే నొప్పులు పెరుగుతాయి, కండ పెరగదు.

ఒక సెట్‌లో ఎన్నిసార్లు ఎత్తాలి? ఐదు నుంచి ముప్పై దాకా ఏ సంఖ్య అయినా, సెట్ చివర నిజంగా కష్టమైతే, కండ ఇంచుమించు ఒకే తీరుగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా నా సలహా ఎనిమిది నుంచి పన్నెండు. ఐదుకు దిగితే కీళ్లమీద భారం ఎక్కువ, ముప్పైకి వెళితే కండరం కన్నా ముందు ఊపిరి అలసిపోతుంది.

ఇక చాలామందికి ఫలితం రాకుండా చేసే చోటు గురించి వివరంగా చెప్పాలి. డంబెల్ ప్రెస్ ఒక సెట్ తీసుకుందాం. మొదటి ఐదుసార్లు డంబెల్స్ ఒకే వేగంతో పైకి వెళతాయి. ఆరోసారి ఛాతీలో వేడి తెలుస్తుంది. ఎనిమిదోసారి ఊపిరి బరువెక్కుతుంది, "ఇక చాలు" అని మనసు చెబుతుంది. ఎక్కువమంది ఇక్కడే ఆపేస్తారు. కానీ గమనించండి, ఎనిమిదోసారి కూడా డంబెల్ పైకి వెళ్లిన వేగం పెద్దగా తగ్గలేదు. అంటే కండరంలో ఇంకా చాలా మిగిలి ఉంది. పదోసారి మీరు ఎంత గట్టిగా నెట్టినా డంబెల్ నెమ్మదిగానే కదులుతుంది. పదకొండోసారి సగం ఎత్తులో ఒక్క క్షణం నిలిచిపోయినట్టు అనిపించి, వణుకుతూ పైకి చేరుతుంది. ఆపవలసిన చోటు అది. ఇంకొక్కసారి ఎత్తగలరేమో, రెండోసారికి వీలుకాదు. వేడి, అలసట మీకు అబద్ధం చెప్పవచ్చు, తగ్గిన వేగం చెప్పదు. ఈ అంచనా కుదరాలంటే నెలకోసారి ప్రమాదం లేని యంత్రం మీద, చివరి సెట్‌ను ఇక కదలని దాకా చేసి చూడండి. మీరు అనుకున్న హద్దుకూ అసలు హద్దుకూ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది. స్క్వాట్, బెంచ్ ప్రెస్ లాంటివాటిలో పక్కన పట్టుకునేవారు లేకుండా ఆ ప్రయోగం చేయవద్దు.

బరువు పెంచే లెక్క సులభం. బెంచ్ ప్రెస్ 40 కిలోలతో మొదటి వారం మూడు సెట్లలో 9, 8, 8 వచ్చాయనుకోండి. తర్వాతిసారి 10, 9, 8. ఆ తర్వాత 11, 10, 10. మూడు సెట్లలోనూ 12 పూర్తయిన రోజు, మరుసటిసారికి 42.5 కిలోలకు మారండి. అంకె మళ్లీ ఎనిమిదికి పడిపోతుంది, అక్కడి నుంచి మళ్లీ ఎక్కండి. ప్రతి సెట్‌ను పుస్తకంలో రాయండి. పోయినసారి ఎంత చేశారో తెలియకుండా ఈసారి ఎక్కువ చేయడం కుదరదు.

సెట్‌కూ సెట్‌కూ మధ్య పెద్ద వ్యాయామాలకు రెండు నుంచి మూడు నిమిషాలు కూర్చోండి. తొందరపడి ముప్పై సెకన్లకే లేస్తే చెమట ఎక్కువ పడుతుంది, కానీ తర్వాతి సెట్‌లో ఎత్తే లెక్క తగ్గి మొత్తం పని తగ్గుతుంది. ఇక దించేటప్పుడు బరువును వదిలేయకుండా రెండు సెకన్లు పట్టుకుని దించండి. అందులోనూ కండకు లాభం ఉంది.

కండరంలో మంట, మర్నాడు కొద్దిపాటి నొప్పి మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి, తిమ్మిరి, ఒక వైపే పాకే నొప్పి మామూలువి కావు. అవి వస్తే ఆ వ్యాయామం ఆపి వైద్యుడికి చూపించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, ఎత్తే లెక్కలు వరుసగా తగ్గుతూ నిద్ర కూడా చెడితే, ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి. ఆ వారం తర్వాత తరచుగా లెక్కలు మళ్లీ ముందుకు కదులుతాయి.

నాలుగో అడుగు: తిండి లెక్క

ముందు ప్రోటీన్ తేల్చుకోండి. 2018లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ 49 అధ్యయనాల్లో పాల్గొన్న 1,863 మంది వివరాలను కలిపి చూసింది. శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక ప్రోటీన్ పెంచినందువల్ల సగటున అదనపు కండ రావడం లేదని తేలింది. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి 1.6 నుంచి 2 మధ్య పెట్టుకుంటే మంచిది. లోటులో ఉన్నవారికి 2 నుంచి 2.4. బాగా లావుగా ఉన్నవారు ఈ లెక్కను ఇప్పటి బరువుతో కాకుండా చేరాలనుకున్న బరువుతో వేసుకోవాలి.

ఆ అంకె చేరడం ఎలాగో తెలియాలంటే కొన్ని కొలతలు నోటికి రావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8, వండిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాములలో 30, వండిన చేప 100 గ్రాములలో 20 నుంచి 25, వండిన పప్పుధాన్యాలు 100 గ్రాములలో 8 నుంచి 9. శాకాహారులకు ఇది సాధ్యమే. అయితే పప్పుల్లో ప్రోటీన్‌తో పాటు పిండి పదార్థం కూడా వస్తుంది కాబట్టి పాలు, పెరుగు, సోయాలను కలుపుకుంటే కేలరీలు హద్దు దాటవు. రోజు మొత్తాన్ని మూడు నాలుగు పూటలకు ఇంచుమించు సమానంగా పంచండి. వ్యాయామం ముగిసిన అరగంటలోనే ప్రోటీన్ తాగకపోతే కష్టమంతా వృథా అన్న భయం అక్కరలేదు. ముందూ వెనకా కొన్ని గంటల్లో ఒక మంచి భోజనం ఉంటే చాలు.

ఇక మిగులు. సన్నగా ఉన్న కొత్తవారికి నిలకడ స్థాయి కంటే 200 కేలరీలు ఎక్కువ, మహా అయితే 300. ఏడాది రెండేళ్లు సాధన చేసినవారికి 100 నుంచి 150. ఇంత తక్కువా అనిపిస్తుంది. ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు కలిపితే 200 దాటుతుంది. అందుకే కొలవకుండా తిన్నవారు ఈ హద్దును ఎప్పుడు దాటారో కూడా గమనించరు.

70 కిలోల మనిషికి పూర్తి లెక్క వేసి చూద్దాం. నిలకడ స్థాయి 2,300, మిగులు 200, మొత్తం 2,500 కేలరీలు. ప్రోటీన్ 120 గ్రాములు, గ్రాముకు 4 చొప్పున 480 కేలరీలు. కొవ్వు పదార్థాలు 65 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 585. మిగిలిన 1,435 కేలరీలు పిండి పదార్థాలకు, అంటే సుమారు 360 గ్రాములు. కొవ్వు పదార్థాలను మరీ తగ్గించవద్దు, హార్మోన్ల తయారీకి అవి కావాలి. పిండి పదార్థాలను శత్రువుగా చూడడం ఇంకా పెద్ద పొరపాటు. కఠినమైన సెట్‌లో కండరం వాడుకునే ప్రధాన ఇంధనం గ్లైకోజెన్, అది వాటి నుంచే తయారవుతుంది. వాటిలో ఎక్కువ భాగాన్ని శిక్షణకు ముందు, తర్వాత వచ్చే పూటల్లో తినండి.

కూరగాయలు, పండ్లు, పీచు సంగతి విడిగా చెప్పనక్కరలేదు. పళ్లెంలో సగం అవి ఉంటే ఆకలి కూడా అదుపులో ఉంటుంది.

ఐదో అడుగు: వారం వారం చూసి సరిదిద్దడం

మొదటి రెండు వారాల్లో బరువు కిలో దాకా ఎగబాకితే కంగారు పడవద్దు, సంబరపడవద్దు. పిండి పదార్థాలు పెరిగితే కండరాల్లో గ్లైకోజెన్ నిండుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. అసలు లెక్క మూడో వారం నుంచి మొదలవుతుంది.

అక్కడి నుంచి సగటు బరువు వారానికి పావు శాతం చొప్పున పెరగాలి. 70 కిలోలకు అది 175 గ్రాములు, నెలకు 700 గ్రాములు. సాధన పాతబడే కొద్దీ ఇందులో సగం చాలు. స్త్రీలకు అంకెలు చిన్నవి, కానీ ఉన్న కండతో పోల్చి చూస్తే పెరిగే శాతం పురుషులకు దగ్గరగానే ఉంటుంది. నెలసరి రోజుల్లో నీరు నిలవడం వల్ల బరువు ఎగుడుదిగుడు అవుతుంది కాబట్టి వారు పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి.

నాలుగు వారాలకోసారి మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి: సగటు బరువు, నడుము, ఎత్తే లెక్కలు. లెక్కలు పెరుగుతూ, బరువు నెమ్మదిగా పెరుగుతూ, నడుము దాదాపు కదలకుండా ఉంటే ఏదీ ముట్టుకోవద్దు. బరువు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగి, నడుము నెలలో సెంటీమీటరు దాటితే 100 నుంచి 150 కేలరీలు తగ్గించండి. బరువు, లెక్కలు రెండూ కదలకపోతే 100 కలపండి. బరువు పెరుగుతున్నా ఎత్తే లెక్కలు మాత్రం నిలిచిపోతే తిండిని ముట్టుకోకండి. లోపం శిక్షణలోనో నిద్రలోనో ఉంది. ఈ చివరి సందర్భంలోనే చాలామంది ఇంకా ఎక్కువ తిని కొవ్వు చేర్చుకుంటారు.

ఒకే తిండికి ఇద్దరి ఒళ్లు రెండు రకాలుగా ఎందుకు స్పందిస్తాయన్నది తెలుసుకోవలసిన విషయం. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా పెట్టారు. ఒకరికి చేరిన కొవ్వు అర కిలో కూడా లేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. కొందరు తమకు తెలియకుండానే ఎక్కువ లేచి తిరగడం, కదలడం, అటూ ఇటూ మసలడం చేశారు. తేడాలో ఎక్కువ భాగం దానినుంచే వచ్చింది. అందువల్ల స్నేహితుడి ఆహార పట్టికను తెచ్చి మీ గోడకు అంటించుకోవద్దు. మీ టేపు, మీ పుస్తకం చెప్పేదే మీకు వర్తిస్తుంది.

నిద్ర, నడక

నిద్రను చివర్లో పెట్టినంత మాత్రాన అది చిన్న విషయం కాదు. 2010లో వచ్చిన ఒక ప్రయోగంలో తక్కువ కేలరీలు తింటున్న కొందరిని రెండు వారాలు పడకలో 8.5 గంటలు, మరో రెండు వారాలు 5.5 గంటలు ఉంచారు. తగ్గిన మొత్తం బరువు ఇంచుమించు అంతే. కానీ తక్కువ నిద్ర దొరికినప్పుడు కొవ్వుగా తగ్గిన భాగం 55 శాతం పడిపోయింది, కొవ్వు కాని దేహభారం 60 శాతం ఎక్కువగా కరిగింది. తిండి అదే, మనుషులు వాళ్లే. రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోలేని పరిస్థితిలో ఉన్నవారు మిగులును పెంచే ఆలోచన మానుకుని ముందు నిద్రను సరిచేసుకోవాలి. మద్యం నిద్రనూ చెడగొడుతుంది, కండరంలో ప్రోటీన్ నిర్మాణాన్నీ తగ్గిస్తుంది.

నడక వల్ల కండ పోదు. రోజుకు ఏడెనిమిది వేల అడుగులు గుండెకు మంచిది, ఆకలిని క్రమంలో ఉంచుతుంది, మిగులు అదుపు తప్పకుండా కాపాడుతుంది. పరుగు ఇష్టమైతే వారానికి రెండుసార్లు, కాళ్ల శిక్షణ లేని రోజున చేయండి.

పొడులు, మాత్రలు, ఇంజెక్షన్లు

పాల విరుగుడు నీటి నుంచి తీసే వే ప్రోటీన్ పొడి కూడా తిండే. భోజనంతో అంకె చేరలేనప్పుడు సౌకర్యం, చేరితే అనవసరం. కండరానికి తక్షణ శక్తిని అందించడంలో తోడ్పడే క్రియేటిన్ మోనోహైడ్రేట్ పొడి రోజుకు 3 నుంచి 5 గ్రాములు పనిచేస్తుందని బలమైన ఆధారాలున్నాయి. మొదట్లో కండరంలో నీరు చేరి కిలో దాకా బరువు పెరగవచ్చు, అది కొవ్వు కాదు. కాఫీ శిక్షణకు ముందు కొంచెం చురుకునిస్తుంది. కొవ్వు కరిగిస్తామనే మాత్రలు, టెస్టోస్టెరాన్ (ప్రధాన పురుష హార్మోన్) పెంచుతామనే పొడుల మీద డబ్బు పెట్టవద్దు.

స్టెరాయిడ్ల గురించి, అంటే కండ కోసం వాడే టెస్టోస్టెరాన్, ఆ తరహా మందుల గురించి ఒక సంగతి ప్రతి యువకుడికీ తెలియాలి. 1996లో వెలువడిన ఒక ప్రయోగంలో పది వారాలు భారీ మోతాదులో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుని వ్యాయామం అసలు చేయనివారికి, కొవ్వు కాని దేహభారం సగటున 3.2 కిలోలు పెరిగింది. మందు లేకుండా వ్యాయామం చేసినవారికి పెరిగింది సుమారు 2 కిలోలు. ఫోనులో కనిపించే కొన్ని శరీరాలు ఏ దారిన వచ్చాయో ఈ అంకెలను బట్టి అర్థం చేసుకోండి. ఆ శరీరాలను చూసి మీ నెలకు 700 గ్రాములను చిన్నచూపు చూసుకోవద్దు. ఆ ఇంజెక్షన్లు శరీరపు సొంత హార్మోన్ల ఉత్పత్తిని అణిచివేస్తాయి, వీర్యకణాలను తగ్గిస్తాయి, గుండెకు హాని చేస్తాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ప్రోటీన్ పెంచే ముందు వైద్యుడిని తప్పనిసరిగా అడగాలి. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది అనుభవించినవారు ఈ లెక్కలను సొంతంగా అమలుచేయవద్దు. ఎదిగే పిల్లలకు కేలరీల లెక్క వద్దే వద్దు. వారికి సరైన తీరులో వ్యాయామం నేర్పి కడుపునిండా తిననిస్తే చాలు.

నడుము గీతను చేరితే ఏం చేయాలి?

ఎంత జాగ్రత్తగా ఉన్నా కండతో పాటు కొంత కొవ్వు చేరుతుంది. ఏడెనిమిది నెలలకు నడుము మొదలుపెట్టినప్పటికన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగినా, ఎత్తులో సగాన్ని సమీపించినా మిగులు ఆపండి. నాలుగు నుంచి ఆరు వారాలు రోజుకు 400 కేలరీల లోటులో ఉండండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి ఈ లెక్కన ఆరు వారాల్లో రెండు కిలోలు దిగుతుంది. ఈ రోజుల్లో తేలిక బరువులకు మారి ఎక్కువసార్లు ఎత్తితే ఒళ్లు "చెక్కినట్టు" అవుతుందని ఎవరైనా చెబితే వినకండి. పుస్తకంలో ఉన్న బరువులనే పట్టుకోండి, కావాలంటే సెట్లను మూడోవంతు తగ్గించండి. కండను నిలబెట్టేది ఆ భారమే. పొట్ట వ్యాయామాలు పెంచినంత మాత్రాన పొట్ట మీది కొవ్వు విడిగా కరగదు, అది ఒళ్లంతటితో పాటే తగ్గుతుంది.

లోటు ముగిశాక నేరుగా మిగులులోకి దూకవద్దు. రెండు వారాలు కొత్త నిలకడ స్థాయిలో తినండి. బరువు తగ్గాక ఆ స్థాయి పాతదానికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. ఆ రెండు వారాల్లో తూకం అర కిలో నుంచి కిలో దాకా పైకి వస్తుంది, గ్లైకోజెన్, నీరు తిరిగి చేరడమే అందుకు కారణం. నడుము కొలత కదలకుండా ఉంటే మూడో వారం ఆ స్థాయికి 150 కేలరీలు కలిపి, పుస్తకంలో కొత్త పేజీ తెరిచి అక్కడి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టండి.